అన్నం పొట్లాల తర్వాత ఏమిటి?

టీవీలో నడుం లోతు నీళ్లు చూపిస్తున్నారు. పిల్లను భుజాన వేసుకుని ఎవరో తండ్రి నడుస్తున్నాడు. మీకు ముద్ద దిగడం లేదు. అరగంటలో మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నిండిపోతుంది: "వ్యాన్ ఎవరి దగ్గరుంది?", "మా ఇంట్లో రెండు మూటల పాత బట్టలున్నాయి", "పులిహోర నేను చేస్తాను". ఎక్కడికి వెళ్లాలో ఎవరికీ తెలియదు. బయల్దేరాలని మాత్రం అందరికీ ఉంది.

ఈ అనుభవం మీకూ ఉందా? చెన్నైలో, అందునా టి. నగర్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లయితే ఉండే ఉంటుంది. 2004 సునామీ చూశారు, 2015 వరదలు చూశారు, 2023లో మిచౌంగ్ తుపాను చూశారు.

జాలిపడటం ఎలాగో ఈ అధ్యాయంలో చెప్పను. అది మీకు వచ్చు. సాయం చెయ్యాలన్న ఉత్సాహం మామూలుగా నాలుగో రోజుకు చల్లబడుతుంది. నీళ్లు తగ్గాక ఇంటి తలుపు తెరిచి, లోపల మిగిలిందేమిటో బాధితుడు చూసుకునేది కూడా ఇంచుమించు అప్పుడే. మొదటి రోజు పొట్లం అందించడానికి వందమంది ఉంటారు. పదో రోజు బురద ఎత్తడానికి, ఇరవయ్యో రోజు దరఖాస్తు రాసిపెట్టడానికి ఎంతమంది ఉంటారు? మీరు ఆ తక్కువమందిలో ఒకరు కావడం ఎలాగో చూద్దాం.

ఒక్క సంగతి గుర్తుచేసి పనిలోకి వెళ్తాను. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు తెలుగు సినిమా ఇంకా మద్రాసులోనే ఉండేది. ఎన్.టి. రామారావు ఇల్లు టి. నగర్ బజుల్లా రోడ్డులో ఉండేది. ఆయన, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊళ్లు తిరిగి విరాళాలు పోగుచేశారు. 2015 డిసెంబర్‌లో ఆ దారి తిరగబడింది. హైదరాబాద్‌లో రానా, నవదీప్, మంచు లక్ష్మి లాంటి సినిమావాళ్లు 'మన మద్రాస్ కోసం' అని సామాన్లు సేకరించి లారీల్లో చెన్నైకి పంపారు. ఇచ్చే చెయ్యి ఎప్పుడు అడిగే చెయ్యి అవుతుందో చెప్పలేం. కాబట్టి ఇచ్చేటప్పుడు ఎదుటివాడి గౌరవం మీద ఒక కన్ను వేసి ఉంచండి.

1. మొదట మీ గేటు లోపల చూడండి

2015 డిసెంబర్ 1న తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన పడింది. చెంబరంబాక్కం చెరువు నీళ్లు అడయారు నదిలోకి వదిలారు. సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, ఈక్కాట్టుతాంగల్, కొట్టూర్‌పురం మునిగిపోయాయి. 1878లో పుట్టిన 'ది హిందూ' పత్రిక డిసెంబర్ 2న చెన్నైలో అచ్చు కాలేదు. సిబ్బంది ప్రెస్సు దాకా చేరలేకపోయారు. టి. నగర్ పక్కనే ఉన్న మాంబళంలో తాంబరం వైపు లోకల్ రైలెక్కితే తర్వాతి స్టేషనే సైదాపేట. మీ ఇంట్లో అంట్లు తోమే మనిషి, మీ వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న అతను, రాత్రి వాచ్‌మన్ ఎక్కడ ఉంటారో మీకు తెలుసా? చాలామందికి తెలియదు. ఏరు పక్కన అద్దె తక్కువ కాబట్టి అక్కడే ఉంటారు.

ఊహించుకోండి. పనమ్మాయి మూడు రోజులుగా రాలేదు. నాలుగో రోజు వచ్చింది.

"ఏమ్మా, ఫోనైనా చెయ్యలేదు?"

"ఫోను నీళ్లలో పోయిందమ్మా."

"ఇల్లో?"

"ఇల్లుంది. లోపలే ఏం లేదు."

మీ వ్యాను, మీ పులిహోర, మీ వాట్సాప్ గ్రూపు మొత్తం వెతుకుతున్న బాధితురాలు మీ వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడకు చెయ్యాల్సింది: రాని రోజులకు జీతం కొయ్యకండి, ఒక నెల జీతం అదనంగా ఇవ్వండి, అప్పు అనకండి, పదిహేను రోజులు పని తగ్గించి ఇల్లు బాగుచేసుకోనివ్వండి. ఆ తర్వాత "మీ వీధిలో ఇంకెవరికి ఏం కావాలి?" అని ఆవిణ్నే అడగండి. ఏ కంట్రోల్ రూమూ చెప్పలేనంత వివరంగా చెబుతుంది.

2. వ్యాన్‌కు ముందు ఫోన్

వెళ్లబోయే శిబిరానికి ఫోన్ చెయ్యండి. చెన్నైలో శిబిరాలు ఎక్కువగా కార్పొరేషన్ స్కూళ్లలో, కల్యాణ మండపాల్లో పెడతారు. అక్కడున్న హెడ్‌మాస్టరుతోనో వార్డు ఉద్యోగితోనో మాట్లాడండి.

"సార్, రెండు వందల భోజనాలు తెస్తున్నాం."

"మధ్యాహ్నానికి ముగ్గురు తెస్తున్నారండీ. నిన్న సగం పారబోశాం."

"మరి ఏం తెమ్మంటారు?"

"రాత్రికి చాపలు లేవు. దోమలు. ఆడపిల్లలకు నాప్కిన్లు లేవు. ఒక బకెట్టు, రెండు చెంబులతో నూటయాభై మంది స్నానాలు చేస్తున్నారు."

ఈ ఫోన్‌కు రెండు నిమిషాలు పట్టింది. అడగాల్సినవి అయిదే: ఎంతమంది ఉన్నారు, అందులో పసిపిల్లలూ ముసలివాళ్లూ ఎందరు, ఈ పూటకు ఏది లేదు, ఏది మిగిలిపోతోంది, సామాను ఎవరికి, ఎన్నింటికి అప్పగించాలి. జవాబులు కాగితం మీద రాసుకోండి. నాలుగో ప్రశ్న చాలామంది మరిచిపోతారు, అందుకే పెరుగన్నం మురిక్కాలవలో తేలుతుంది.

మీది తెలుగు మాత్రమే వచ్చే బృందమైతే తమిళం రాయగలిగిన ఒక కాలేజీ కుర్రాణ్ని తప్పకుండా వెంట పెట్టుకోండి. మనలో చాలామందికి తమిళం మాట్లాడటం బాగానే వస్తుంది, చదవడం రాదు. ఫారాల దగ్గర, మందుల చీటీల దగ్గర ఆ లోటు బయటపడుతుంది.

3. పాత బట్టల మూట విప్పండి

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడతాను. సునామీ తర్వాత నాగపట్నం వైపు దేశం నలుమూలల నుంచి పాత బట్టలు లారీలకు లారీలు వచ్చాయి. రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. చిరిగినవి, కంపు కొట్టేవి, మత్స్యకార స్త్రీలు ఎన్నడూ తొడగని రకాలు. సర్వం పోగొట్టుకున్న మనుషులు కూడా వాటిని ముట్టుకోలేదు. ఆ గుట్టలను ఏరి, పనికొచ్చే వస్తువులుగా మార్చడానికి ఢిల్లీ నుంచి గూంజ్ సంస్థ పూనుకోవాల్సి వచ్చింది. అంటే మన దానాన్ని శుభ్రం చెయ్యడం మరొకరికి ఒక పెద్ద పని అయింది.

మూట కట్టేముందు ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది ఉతికి ఇస్త్రీ చేసి మా అక్కకో తమ్ముడికో ఇవ్వగలనా? ఇవ్వలేనిది శిబిరానికి కూడా వద్దు. అల్మారా ఖాళీ చేసుకునే ముహూర్తం అది కాదు.

మరి ఏం ఇవ్వాలి? టి. నగర్‌లో ఉండి ఈ ప్రశ్న అడగాలా! రంగనాథన్ వీధిలోకి నడవండి. కొత్త లుంగీలు, నైటీలు, తువ్వాళ్లు, పిల్లల లోదుస్తులు, దుప్పట్లు టోకున దొరుకుతాయి. పాత బట్టల వ్యాన్‌కు అయ్యే డీజిల్ ఖర్చు కొత్త లుంగీల మీద పెట్టవచ్చు. లోదుస్తులు ఇవ్వాలని ఎవరికీ తోచదు, అడగడానికి ఎవరికీ నోరు రాదు. అందుకే అవి మీ జాబితాలో పైన ఉండాలి. కొలతల వారీగా వేరుచేసి సంచి మీద పెద్ద అక్షరాలతో తమిళంలో రాయించండి.

4. భోజనం విషయంలో చిన్న చిన్న జాగ్రత్తలు

పులిహోర నిలుస్తుంది, కొబ్బరి చట్నీ నిలవదు. వండిన టైము పొట్లం మీద రాయండి. వాన నీళ్లలో గంటలు తిరిగిన వ్యాన్‌లోని సాంబారన్నం ఎవరికీ పెట్టకండి. తాగే నీళ్లు అన్నం కన్నా ముందు అయిపోతాయి. పసిపిల్లల పాలడబ్బాలు మీ ఇష్టానికి పంచవద్దు. మంచినీళ్లు లేని చోట డబ్బాపాలు బిడ్డకు ప్రమాదం, శిబిరంలోని డాక్టరునో నర్సునో అడిగి ఇవ్వండి. 2015లో అమ్మ క్యాంటీన్లలో ఉచితంగా భోజనం పెట్టారు. అలాంటి వంటశాల దగ్గరలో ఉంటే దానికి పోటీగా పొయ్యి వెలిగించకుండా వడ్డించే మనుషుల్ని పంపండి.

ఇంకో తప్పు. బండి మెయిన్ రోడ్డు మీద ఆపి అక్కడికక్కడే పంచేసి వెనక్కి తిరగడం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు లోపలి సందుల్లోకి సాయం చేరడం ఎంత కష్టమైందో చూశాం. డ్రోన్లతో పొట్లాలు వెయ్యాల్సి వచ్చింది. రోడ్డు మీదకు రాగలిగినవాడికి నాలుగు సార్లు అందుతుంది. మంచం దిగలేని ముసలమ్మకు ఒక్కసారీ అందదు. సందు చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి రోడ్డు వైపు పంచుకుంటూ రండి.

5. నాలుగో రోజు: చీపురు, పార, గమ్‌బూట్లు

అసలు సేవ ఇక్కడ మొదలవుతుంది. కెమెరాలు వెళ్లిపోయి ఉంటాయి. చిన్న ఇల్లైనా బురద ఎత్తి, కడిగి, ఆరబెట్టడానికి నలుగురు మనుషులకు పూటంతా పడుతుంది. ఒంటరి వృద్ధులు, నెలలు నిండిన గర్భిణి ఉన్న ఇళ్లు ఎవరు కడుగుతారు? విజయవాడలో ఇళ్లు కడగడానికి ప్రభుత్వం ఫైరింజన్లు రప్పించిందంటే ఆ బురద ఎంతటిదో అర్థం చేసుకోండి.

బృందం సంచిలో ఉండాల్సినవి: పారలు, వైపర్లు, బకెట్లు, గోనె సంచులు, బ్లీచింగ్ పౌడర్, రబ్బరు గ్లోవ్స్, గమ్‌బూట్లు, టార్చిలైటు, ప్రథమ చికిత్స పెట్టె. ఇల్లు తాకేముందు ఈ వరస పాటించండి.

మెయిన్ స్విచ్ ఆపి ఉందో లేదో చూడాలి. తడిసిన గోడ మీద చెయ్యి వెయ్యడం ఆ తర్వాతే. ఫ్రిజ్, మోటారు ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఎవరూ ఆన్ చెయ్యకూడదు. బీరువా కింద, తలుపు మూల, చెప్పుల స్టాండులో పాములుంటాయి. ముందు కర్రతో తట్టండి.

బ్లీచింగ్ పౌడర్‌లో బాత్రూమ్ యాసిడ్ కలపకండి. "ఇంకా బాగా పోతుంది" అని కలిపేవాళ్లు ప్రతి బృందంలో ఒకరుంటారు. వచ్చేది విషవాయువు.

సంపులోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ ఎవరినీ దింపకండి, మీరు దిగకండి. "రెండు నిమిషాలే" అని దిగి తిరిగి రానివాళ్లున్నారు. నీళ్లు మోటారుతో తోడించండి.

వరదనీటిలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. కాలికి పుండో కోసుకున్న గాయమో ఉంటే ఆ రోజు నీళ్లలోకి దిగకుండా ఫారాలు రాసే పని తీసుకోండి. ముందు జాగ్రత్త మాత్రలు అవసరమా అన్నది డాక్టరు చెప్పాలి, వాట్సాప్ చెప్పకూడదు.

చెన్నై వీధుల్లో చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, తరాలుగా. 2015లో చెత్త గుట్టలు తియ్యడానికి ఇతర ఊళ్ల నుంచి కూడా కార్మికుల్ని తెప్పించారు. వాళ్లలో చాలామందికి చేతులకు గ్లోవ్స్ లేవని ఆ రోజుల పత్రికలు రాశాయి. నగరంలో ఉండేవాళ్లకైతే సొంత ఇళ్లలోకీ నీళ్లు వచ్చాయి. మీరు ఇంకేమీ చెయ్యలేకపోయినా మీ వార్డు కార్మికులకు గమ్‌బూట్లు, గ్లోవ్స్, సబ్బులు, వేడి టీ ఏర్పాటు చెయ్యండి. తెలుగులో "ఏం అన్నా, మీ ఇల్లెలా ఉంది?" అని అడగండి. టి. నగర్‌లో మనం పక్కపక్కనే బతుకుతూ ఒకరి భాష ఒకరికి తెలియనట్టు నటిస్తుంటాం.

6. రెండో వారం: కాగితాలు

ఇది రిటైరైన బ్యాంకు ఉద్యోగులకు, టీచర్లకు, గుమస్తాగా పనిచేసినవాళ్లకు నేను ప్రత్యేకంగా అప్పగించే పని. బురద ఎత్తే వయసు మీది కాకపోవచ్చు. ఫారం నింపే చెయ్యి మీదే.

వరదలో కొట్టుకుపోయేవి గిన్నెలే అనుకుంటాం. రేషన్ కార్డు, ఆధార్, పట్టా, పిల్లల మార్కుల షీట్లు, గ్యాస్ పుస్తకం కూడా పోతాయి. 2015లో పోయిన సర్టిఫికెట్లకు నకళ్లివ్వడానికి తమిళనాడు ప్రభుత్వం డిసెంబర్ 14 నుంచి ప్రత్యేక శిబిరాలు నడిపింది. పాడైన పాస్‌పోర్టులకు విదేశాంగ శాఖ రుసుము లేకుండా కొత్తవి ఇచ్చింది. ఇళ్లు మునిగిన కుటుంబాలకు 5,000, గుడిసెలు పోయినవారికి 10,000 రూపాయలు ప్రకటించి బ్యాంకు ఖాతాల్లో వేశారు. 2023లో 6,000 రూపాయలు టోకెన్ పద్ధతిలో రేషన్ దుకాణాల ద్వారా చేతికిచ్చారు. చూశారా, ఒకసారి బ్యాంకు ఖాతా కావాలి, ఒకసారి రేషన్ కార్డు కావాలి. అది లేనివాడికి? అద్దె ఇంట్లో ఉంటూ కార్డు ఊళ్లో పెట్టుకున్న ఒంగోలు మేస్త్రీకి? అతని పక్కన కూర్చుని ఏ కాగితం ఎక్కడ అడగాలో చెప్పే మనిషి, పది పొట్లాల కన్నా విలువైనవాడు.

ఎలా చెయ్యాలి? ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక జెరాక్స్ మిషన్, పాస్‌పోర్టు సైజు ఫొటో తీసే కుర్రాడు. వచ్చిన ప్రతి ఇంటికీ ఒక నోటుబుక్కు పేజీ: ఏవి పోయాయి, ఏవి తడిశాయి, దేనికి దరఖాస్తు పెట్టాం, రసీదు నంబరెంత, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి. రసీదును వాళ్ల ఫోన్‌లోనే ఫొటో తీసి పెట్టండి. వాళ్ల ఆధార్ నంబర్లు మీ ఫోన్‌లో ఉంచుకోకండి, గ్రూపుల్లో అసలే పెట్టకండి.

తడిసిన కాగితాలను ఎండలో పెట్టవద్దు, ఇస్త్రీ పెట్టె తగిలించవద్దు. అంటుకున్న పేజీలను లాగితే అక్షరాలు ఊడివస్తాయి. శుభ్రమైన తెల్ల కాగితం మీద పరిచి, నీడలో, ఫ్యాన్ గాలికి నిదానంగా ఆరనివ్వాలి. కొంచెం కనిపించే స్థితిలో ఉండగానే ఫొటో తీసుకోవాలి.

7. డబ్బు

దూరంగా ఉన్నవారికి డబ్బు పంపడమే మంచి సాయం. పంపేముందు యూపీఐ ఐడీని ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. విపత్తు జరిగిన రోజే దొంగ ఐడీలు పుడతాయి. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి 1948లో దేశ విభజన శరణార్థుల కోసం మొదలైంది. ముఖ్యమంత్రుల నిధులూ ఉన్నాయి. పన్ను మినహాయింపు లెక్క చూసుకునేవారికి: 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు రాదు, వస్తురూపంలో ఇచ్చినదానికీ రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపే లేదు.

డాలస్‌లో ఉన్న మీ అబ్బాయి పంపుతానంటున్నాడా? భారత పాస్‌పోర్టు ఉంటే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అతని విరాళం చట్టం దృష్టిలో విదేశీ విరాళం. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి. మీ అపార్ట్‌మెంట్ సంఘం ఖాతాలో వేయించుకోకండి.

మీ వీధిలో పోగుచేసిన డబ్బుకు ఇద్దరు సంతకం పెట్టే లెక్క ఉండాలి. ప్రతి ఆదివారం ఆ లెక్క గ్రూపులో పెట్టండి, అడగకముందే. ఆ డబ్బులో సగమైనా మూడో వారం దాకా దాచండి. దేనికి? తుప్పుపట్టిన కుట్టుమిషన్‌కు, ఇస్త్రీ పెట్టెకు, ఇడ్లీ బండి స్టవ్‌కు. మనిషి తన సంపాదన మీద తాను నిలబడేదాకా సాయం పూర్తి కాదని నా అభిప్రాయం.

8. ఫొటోలు, స్టిక్కర్లు

2015లో సాయం సామగ్రి మీద రాజకీయ నాయకుల స్టిక్కర్లు అంటించారన్న వార్తలకు జనం ఎంత మండిపడ్డారో గుర్తుందా? మన క్లబ్బు బ్యానరు కట్టి, ముసలాయన చేతిలో బియ్యం సంచి పెట్టి, అందరం కెమెరా వైపు చూస్తే మాత్రం తేడా ఏముంది? సామాను ఫొటో తీయండి, బిల్లు ఫొటో తీయండి. మనుషుల ముఖాలు వద్దు.

9. మీ ఒంటి సంగతి

రోజుకు ఎనిమిది గంటలు చాలు. రాత్రి ఇంటికి వెళ్లి స్నానం చేసి పడుకోండి. మొదటి మూడు రోజులు నిద్రలేకుండా తిరిగి జ్వరంతో మంచం పట్టేవాడికన్నా నెల రోజులు శనివారం శనివారం వచ్చేవాడు కావాలి. ఈత రాకపోతే పడవ ఎక్కకండి. చెన్నైలో 2015లో జాలర్లు పడవలతో వచ్చి మనుషుల్ని కాపాడారు, పదకొండేళ్ల ముందు సునామీలో పడవలూ ఇళ్లూ పోగొట్టుకున్న తీరప్రాంతం వాళ్లే. ఆ పని వాళ్లకు తెలుసు, వాళ్లను చెయ్యనివ్వండి.

చివరగా ఒక పని, ఇది వాన పడకముందే చెయ్యాలి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్‌లో మొదలై డిసెంబర్ దాకా ఉంటాయి. పెద్ద వాన పడితే దురైస్వామి సబ్‌వేలో నీళ్లు నిలుస్తాయని మీకు చెప్పక్కర్లేదు. సెప్టెంబర్‌లో జరిగే అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో లేచి ఒక కాగితం పంచండి. ఎవరి దగ్గర వ్యాన్ ఉంది, ఎవరు డాక్టరు, ఎవరికి ఎలక్ట్రికల్ పని వచ్చు, ఎవరు తమిళంలో ఫారం రాయగలరు, ఎవరింట్లో మంచం దిగలేని పెద్దవాళ్లున్నారు, మనింటి పనివాళ్లు ఏ వీధిలో ఉంటారు. ఆరు గళ్లు. నింపించి, నకలు తీసి, వాచ్‌మన్ గదిలో ఒకటి అంటించండి. రెండో నకలు పక్క అపార్ట్‌మెంట్ కార్యదర్శికి ఇచ్చి, వాళ్లనూ ఒకటి తయారుచెయ్యమని అడగండి.